వేసవి సెలవులు, చెట్టు నీడ, చేతిలో పుస్తకము



బడులకు సెలవులిచ్చిన మరునాటి నుండి మా యొద్దకు వచ్చు తల్లులు రెండు రకముల ఫిర్యాదులు తెచ్చుచుందురు. “అయ్యగారూ, మావాడు పుస్తకం ముట్టడం లేదండి. పొద్దున్న లేస్తే జీడితోటల్లోనే ఉంటున్నాడు. మీరైనా కాస్త భయం చెప్పండి” అని ఒకామె అంటుంది. “మా పిల్ల గడప దాటదండి. ఆ ఫోను పట్టుకొని గదిలో మూల కూర్చుంటుంది. కాస్త గాలికి తిరిగి రమ్మని చెప్పండి” అని వెనుకనే ఇంకొకామె అంటుంది. పరవాడ చుట్టుప్రక్కల ఏ గ్రామ సంఘములోనైనను ఈ ఇద్దరు తల్లులూ ఉన్నారు. కొన్ని ఇండ్లలోనైతే ఒక్క తల్లే కొడుకును గూర్చి ఒక ఫిర్యాదు, కూతురిని గూర్చి రెండవ ఫిర్యాదు చేయుచున్నది.

ఇద్దరికీ మేము చెప్పుచున్నది ఒకటే. పుస్తకమును ఇంటి బయటికి తీసికొని వెళ్ళనివ్వండి. పెద్దవారినొకరిని తోడు పంపండి. చదువు లోపల, ఆట బయట అని మనము అలవాటుగా అనుకొనుచున్నాము గాని, లేఖనములలో చూచినను అట్లు లేదు. ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథమును చదివి వినిపించినది నీటి గుమ్మము ఎదుటనున్న మైదానములో; ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు స్త్రీలు, పురుషులు, గ్రహింపగల పిల్లలు అక్కడనే నిలిచి వినిరి. ఐతియొపీయ దేశపు అధికారి యెషయా గ్రంథము చదువుకొన్నది గాజాకు పోవు అరణ్య మార్గములో, రథము మీద. అర్థము కాక ఆగినచోట ప్రక్కకు పరుగెత్తివచ్చిన ఫిలిప్పు ఉన్నాడు. పుస్తకము, ఆరుబయలు, ప్రక్కన తెలిసిన మనిషి ఒకరు. ఈ మూడూ ఒకచోట కలియుటకు మన పల్లెలలో వేసవిని మించిన కాలము లేదు.

సెలవులలో జారిపోవు చదువు

జూన్‌లో బడి తెరచిన తరువాత మొదటి వారములు పాత పాఠములతోనే గడిచిపోవుచున్నవని ఉపాధ్యాయులు చెప్పుచుందురు. ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. 1996లో హారిస్ కూపర్ అను అమెరికా పరిశోధకుడు తన సహచరులతో కలిసి, అంతకు ముందు జరిగిన 39 అధ్యయనములను పరిశీలించెను. వేసవి సెలవులు ముగియుసరికి పిల్లలు సగటున ఒక నెల చదువంత వెనుకబడుచున్నారని వారు తేల్చిరి. చదువుట విషయములో ఆ నష్టము పేద కుటుంబముల పిల్లలకే ఎక్కువగా కనబడినది. ఇంటిలో పుస్తకములున్న పిల్లలు సెలవులలో కూడ ఏదో ఒకటి చదువుచునే ఉందురు గదా.

మన దేశపు గ్రామములలో పిల్లల చదువును పరీక్షించు ‘అసర్’ సర్వే ప్రకారము, 5వ తరగతి పిల్లలలో 2వ తరగతి పాఠమును ధారాళముగా చదువగలిగినవారు 2022లో 100కి దాదాపు 43 మంది, 2024లో దాదాపు 49 మంది. అంకె పెరిగినది, సంతోషమే. అయినను ఇంకను సగము మంది చదువలేకున్నారు. మన సంఘములలో అనేక ఇండ్లలో పిల్లలే మొదటి తరము చదువరులు. తండ్రి కంపెనీలో షిఫ్టుకు పోవును, తల్లి కూలికో ఉపాధి పనికో పోవును. ఇంటిలో అచ్చు అక్షరములున్నవి ఏవని వెదకితే బైబిలు, పాటల పుస్తకము, గోడకు క్యాలెండరు, పెట్టెలో ఆధారు కార్డులు. అటువంటి ఇంటి బిడ్డ దాదాపు నెలన్నర పాటు ఒక్క పేజీ చదువకుండ ఉన్నచో, ఏప్రిల్‌లో కూడబలుక్కొని చదివిన వాక్యము జూన్‌లో మరల కొండవలె కనబడును.

ట్యూషను పెట్టించమని కొందరి సలహా. పెట్టించగలవారు పెట్టించుకొనవచ్చును. అయితే మే నెలలో రేకుల షెడ్డు క్రింద నలభై మందిని కూర్చుండబెట్టి ఎక్కములు వల్లింపజేయుట పిల్లలకు చదువు మీద ప్రేమ పుట్టించునని మేము నమ్మము.

మామ్మకు తెలిసినది, మనుమరాలికి తెలిసినది

గత వేసవిలో సముద్రమునకు దగ్గరనున్న ఒక గ్రామములో గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు చూచిన సంగతి చెప్పెదము. పాక ముందు వేపచెట్టు క్రింద నులక మంచము మీద ఒక పాప కూర్చుండి, బడి గ్రంథాలయము నుండి తెచ్చుకొన్న చెట్ల పుస్తకము చదువుచున్నది. అయిదవ తరగతి ముగించిన పిల్ల. క్రింద కూర్చుండి ఆమె మామ్మ తాటికాయలు కొట్టి ముంజెలు తీయుచున్నది. తాటిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరుగా ఉండునని, చెట్టు కాపునకు వచ్చుటకు పన్నెండు నుండి ఇరవై సంవత్సరములు పట్టునని పాప ఒక్కొక్క మాట కూడబలుక్కొని చదివినది.

“ఆడా మగా ఏటే, మనుసులా? పోతుతాడు, పెంటితాడు అనాల” అని మామ్మ నవ్వినది. కొంచెము సేపు ఊరకుండి, “పన్నెండేళ్ళ మాట నిజమేనే. మీ తాత ఆ గట్టు మీద టెంక పాతినపుడు మీ నాన్న నా సంకలో ఉన్నాడు. మీ నాన్న పెళ్ళికి గాని అది కాయలేదు” అన్నది.

పాప చదువుట ఆపి, ఏ చెట్టు అని అడిగినది. మామ్మ కత్తి ప్రక్కన పెట్టి లేచినది. ఇద్దరూ గట్టు వైపు నడిచిపోయిరి. మేము ముంజెలకు కాపలా ఉంటిమి.

ఆ మామ్మకు అక్షరము రాదు. కాని చుట్టునున్న ప్రతి చెట్టు ఎవరు నాటినదో, ఏ తుపానుకు ఏది పడిపోయినదో ఆమెకు తెలియును. ఆ పిల్లకు అక్షరములు వచ్చును; పోతుతాడు ఏదో పెంటితాడు ఏదో గుర్తుపట్టలేదు. బడి జరుగు నెలలలో వీరిద్దరు ఒకచోట కూర్చుండుటకు తీరిక ఉండదు. పిల్ల తెల్లవారి బడికి, మామ్మ పొలమునకు. వేసవిలోనే ఇద్దరూ ఒక నీడ క్రిందకు చేరుదురు.

ప్రతిసారి పెద్దవారే గెలుతురని అనుకొనవద్దు. మరొక ఊరిలో ఒక కుఱ్ఱవాడు జీడిమామిడి మన దేశపు చెట్టు కాదని, సముద్రమునకు ఆవల బ్రెజిల్ దేశము నుండి పోర్చుగీసువారు నాలుగువందల ఏండ్లకు ముందే తెచ్చినదని చదివి వినిపించినాడు. పుట్టి బుద్ధెరిగినది మొదలు జీడితోటలలోనే పని చేసిన వాని తాత మొదట నమ్మలేదు. తీరమంతట కనబడు సరుగుడు కూడ పై దేశము నుండి వచ్చినదేనని వాడు రెండవ పేజీ చదివినప్పుడు, “అయితే మనవేటిరా, ఏటీ మనవి కావా?” అని తాత అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు వాడు పుస్తకము చివరి వరకు చదివినాడు. ఏ ట్యూషను మాష్టారును వాని చేత అంత చదివించలేడు.

తాటిచెట్టును గూర్చి మరొక మాట. కాగితము మన ప్రాంతములోనికి విరివిగా రాకముందు మన పెద్దల పుస్తకము తాటాకే. ఆకును ఎండబెట్టి, ఉడికించి, ఒక కొలతకు కోసి, ఇనుప గంటముతో గీసి, ఆ గీతలలో మసి పూసి తుడిచెడివారు. రంధ్రము చేసి దారము గ్రుచ్చి రెండు చెక్కల మధ్య కట్టెడివారు. మన తెలుగు అక్షరములు గుండ్రముగా ఉండుటకు కూడ అడ్డగీత గీస్తే ఆకు చీలుటయే కారణమని పండితులు కొందరు చెప్పుదురు. పిల్లలకు ఒక ఎండు తాటాకు ముక్కను, ఒక మేకును ఇచ్చి తమ పేరు వ్రాయుమనండి. సగము ఉదయము దానితోనే గడిచిపోవును. పైగా పుస్తకము అనునది ఎవరి కష్టముతో పుట్టెడిదో చేతికి తెలియును.

కంటికి మేలు చేయు వెలుగు

బయట కూర్చుండి చదివితే కండ్లు పాడగునని మన పెద్దలలో ఒక భయమున్నది. నేరుగా ఎండ పడు తెల్ల కాగితమును చూచుట మంచిది కాదు, నిజమే. నీడలో చదువుట వేరు. దూరపు వస్తువులు మసకగా కనబడు దోషము నేడు ప్రపంచమంతట పిల్లలలో పెరుగుచున్నది. ఇంటి లోపలే ఉండి దగ్గర వస్తువులనే చూచుచుండుట దానికి ఒక కారణము. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరములో 6, 7 ఏండ్ల పిల్లలకు బడిలో ప్రతి రోజు అదనముగా 40 నిమిషములు ఆరుబయట గడుపు ఏర్పాటు చేసి మూడు సంవత్సరములు పరిశీలించిరి. ఫలితములు 2015లో వెలువడినవి. బయట గడిపిన పిల్లలలో 100కి 30 మందికి ఈ దోషము రాగా, మామూలుగా ఉన్న పిల్లలలో 39 మందికి పైగా వచ్చినది.

దీని కొరకు ఎండలో నిలువబెట్టవలెనా అని అడుగుదురేమో. అక్కరలేదు. తైవాన్‌లో జరిగి 2018లో ప్రచురింపబడిన మరొక పరిశోధనలో, చెట్టు నీడలోను వరండాలోను దొరకు పాటి వెలుగే మేలు చేయునని కనుగొనిరి. ఇంటిలో ఒక బల్బు ఇచ్చు వెలుగు కంటె పగటి పూట చెట్టు నీడలోని వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి వేపచెట్టు క్రింద నులక మంచము మీద చదువుకొను పిల్ల కంటికి నష్టము చేసికొనుట లేదు. పేజీ తిప్పినప్పుడెల్లా తల ఎత్తి దూరముగా కొబ్బరి మట్ట మీదనున్న కాకిని చూడనివ్వండి. అది పరధ్యానమని కోపపడవద్దు.

వేళ మాత్రము ముఖ్యము. తెల్లవారి అయిదున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు, మరల సాయంకాలము సముద్రపు గాలి తిరిగిన తరువాత. మధ్యలోని వేళ ఇంటిలో నిద్రకు, అష్టాచెమ్మాకు.

ఎక్కడ కూర్చుండవలెను?

మన ముత్యాలమ్మపాలెము, తిక్కవానిపాలెము వంటి తీర గ్రామముల వారికి దేవుడిచ్చిన ఒక అవకాశమున్నది. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము ఈ నియమము పెట్టినది. ఆ దినములలో ఇంటికి రాబడి తగ్గును. ఆ కష్టము మాకు తెలియును. అయితే సంవత్సరమంతయు తెల్లవారుజామున సముద్రము మీదనుండు తండ్రి, సరిగ్గా పిల్లల సెలవులలోనే ఒడ్డున పాక నీడలో వల బాగుచేసికొనుచు కూర్చుండును. పిల్లవాడు ప్రక్కన కూర్చుండి పైకి చదువవచ్చును. చేపల పుస్తకము దొరికితే మరీ మంచిది. పుస్తకములో బొమ్మ చూపించి పేరు అడిగితే తండ్రి చెప్పు పేరు వేరు, పుస్తకములోని పేరు వేరు. ఏ లోతులో, ఏ నెలలో, ఏ వలకు పడునో తండ్రి చెప్పగలడు. పుస్తకము వ్రాసినవారిలో ఎందరు అది చెప్పగలరు?

ఆ ఇసుకలోనే ఇంకొక పాఠమున్నది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతాకాలము చివర మన విశాఖ, అనకాపల్లి తీరములకు వచ్చి రాత్రివేళ గుంట త్రవ్వి ఒక్కొక్కటి దాదాపు వంద గ్రుడ్లు పెట్టును. 45 నుండి 60 దినములలో అవి పిల్లలగును. ఇసుక వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు ఎక్కువ, తక్కువైతే మగ పిల్లలు ఎక్కువ. గుంట నుండి వచ్చిన పిల్ల తాబేలు వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు సముద్రమనుకొని నడచును. ఒడ్డున దీపములుంటే ఊరి వైపు వచ్చి చనిపోవును. ఇది చదివిన పిల్లలు రాత్రి టార్చిలైటుతో ఒడ్డున తిరుగుట తామే మానుకొందురు. వీటి గ్రుడ్లు తీయుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరమని కూడ చెప్పి ఉంచండి.

లోపలి గ్రామముల వారికి కొండకర్ల ఆవ ఉన్నది. అచ్యుతాపురము దాపున మంచినీటి ఆవ, తామరాకులు, తాటి దోనెలు. వలస పక్షులు చలికాలములో వచ్చి వేసవి ముదరకముందే వెళ్ళిపోవును గనుక మే నెలలో వేలకొలది పక్షులను చూతుమని పిల్లలకు ఆశ పెట్టవద్దు. కొంగలు, నీటికాకులు, నీటికోళ్ళు వంటి స్థిర నివాసులు చాలును. సాలిం అలీ గారు భారతదేశపు పక్షులను గూర్చి 1941లో మొదట వెలువరించిన పుస్తకము నేటికిని పక్షులను గుర్తించుటకు వాడుచున్నారు. బొమ్మలు చూచి పోల్చుకొనుటకు ఇంగ్లీషు రానవసరము లేదు. అనకాపల్లి ప్రక్క శంకరములోని బొజ్జన్నకొండకు తెల్లవారకముందే బయలుదేరి, రాయి వేడెక్కకముందే దిగి రావలెను. బౌద్ధ సన్యాసులు శతాబ్దముల పాటు నివసించి చదువుకొన్న ఆ గుహలు చరిత్ర పాఠమును ఒక్క పూటలో చెప్పును.

ఇవేవియు కుదరని ఇంటికి పెరటి మామిడిచెట్టు, చర్చి ఆవరణలోని వేపచెట్టు చాలును. బస్సు టిక్కెట్టు కొనకుండ దొరకు నీడయే మన కుటుంబములలో ఎక్కువమందికి అందుబాటు.

పుస్తకము మనిషి యొద్దకు వెళ్ళిన దినములు

పుస్తకములు ఎక్కడివి అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. అనేక సంఘములలో ఒక బీరువా ఉన్నది. దానిలో దాతలు ఇచ్చిన మంచి పుస్తకములున్నవి. దాని తాళపు చెవి మాత్రము ఒక పెద్దగారి ఇంటిలో ఉండును, ఆ పెద్దగారు పెండ్లికి ఊరు వెళ్ళియుందురు. చెదలకు తాళపు చెవితో పని లేదు గనుక అవి మాత్రము క్రమముగా చదువుచున్నవి.

మన తెలుగువారు ఈ విషయములో ఒకప్పుడు దేశమునకే దారి చూపించిరి. ఆంధ్రదేశములో మొదటి పౌర గ్రంథాలయముగా చెప్పబడు సరస్వతీ నిలయము మన విశాఖపట్టణములోనే 1886లో పుట్టినది. మంతెన ఆదినారాయణమూర్తి అను ఉపాధ్యాయుడు దానిని స్థాపించెను. తరువాత అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూర గ్రంథాలయములు పెట్టించిరి. 1931 అక్టోబరులో తమిళ దేశములోని మన్నారుగుడిలో రంగనాథన్ గారి ప్రోత్సాహముతో ఎడ్లబండి మీద పుస్తకములు పల్లెలకు బయలుదేరినవి. 1935లో గుంటూరు జిల్లాలో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయము నడిచినది. పడవ ప్రయాణికులు గట్టునున్న పొలములను చూచుచు చదువుకొనెడివారు. వేసవి చదువును, ఆరుబయటి గాలిని కలుపుట మనకు క్రొత్త సంగతి కానేకాదు.

మన చేతిలోని బైబిలు కథ కూడ ఈ తీరముతోనే ముడిపడియున్నది. 1805లో లండను మిషను వారి జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి గార్లు విశాఖపట్టణములో దిగి, తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను తెలుగు తెలిసిన విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగించిరి. క్రాన్ 1809లోను డిగ్రాంజి 1810లోను మరణించిరి. అచ్చయిన పుస్తకమును వారు చూడలేదు. వారి అనువాదము 1812లో సేరంపూరులో అచ్చయినది. కుటుంబ ప్రార్థనలో బిడ్డ చదువు తెలుగు వాక్యమునకు ఒక పునాది మనకు ఇంత సమీపములో పడినదని పిల్లలకు చెప్పండి.

కాబట్టి బీరువా తాళము తీయించండి. ఇరవై పుస్తకములు ఒక రేకు పెట్టెలో పెట్టి సైకిలు వెనుక కట్టి, వారమునకొక పేట చొప్పున త్రిప్పండి. యౌవనస్థుల కూటములో పనిలేదని కూర్చున్న కుఱ్ఱవాళ్ళకు ఇది మంచి పని. మేము మూడు వేసవులుగా ఇట్లే చేయుచున్నాము. పోయిన పుస్తకములు కొన్ని ఉన్నవి, చినిగినవి చాలా ఉన్నవి. చినిగినది ఎవరో చదివిన పుస్తకము గనుక దానికి మేము విచారించుట లేదు.

ఏ పుస్తకములు? పాత చందమామలు ఎవరి అటక మీదనైనను ఉన్నచో దింపించండి. జపాను రచయిత్రి కురొయనాగి 1981లో వ్రాసిన చిన్ననాటి కథ తెలుగులో ‘రైలుబడి’ పేరుతో దొరకుచున్నది. పాత రైలు పెట్టెలలో నడిచిన బడి అది. ఆ బడి పిల్లలు ఉదయము పాఠములు త్వరగా ముగించుకొంటే మధ్యాహ్నము నడకకు వెళ్ళుదురు. దారిలోని పూల వలననే కేసరములు, కీలము నేర్చుకొందురు. తల్లిదండ్రులు కూడ చదువదగిన పుస్తకము. గురజాడ వారు పుట్టినది మన జిల్లాలోని ఎస్. రాయవరములో గనుక ఆయన చిన్న కథలు పెద్ద పిల్లల చేత చదివించండి. లేఖనములలో 104వ కీర్తనను తెల్లవారి చెట్టు క్రిందను, యోబు గ్రంథము 38, 39 అధ్యాయములను సముద్రపు ఒడ్డునను చదివించి చూడండి. పక్షులు, కొండమేకలు, అలలకు గీసిన హద్దు అన్నియు కంటి ఎదుటనో చెవి దగ్గరనో ఉన్నప్పుడు పిల్లలు అడుగు ప్రశ్నలు ఆదివారపు బడిలో ఎన్నడును అడుగరు.

వి.బి.ఎస్. జరుపు సంఘములకు ఒక విన్నపము. 1901లో న్యూయార్కులో రాబర్టు బోవిల్ అను పాస్టరు ఈ బడులను విస్తరింపజేసినది వేసవిలో వీధులలో తిరుగు పేద పిల్లల కొరకే. మన యొద్ద అది కొన్ని దినములలో, మైకు హోరులో, నాలుగు గోడల మధ్య ముగియుచున్నది. ఒక్క పూటయైనను మైకు లేకుండ, చెట్టు క్రింద, గుంపునకు ఒక పుస్తకముతో గడపండి.

జాగ్రత్తలు

చెట్టు క్రింద కూర్చుండమని వ్రాసి ఈ మాట వ్రాయకుంటే తప్పగును. ఏప్రిల్, మే నెలలలో సాయంకాలము ఆకస్మికముగా మబ్బు పట్టి పిడుగులు పడును. ఉరుము వినబడిన వెంటనే పుస్తకము మూసి పక్కా ఇంటిలోనికి రావలెను. తాటిచెట్టు క్రింద, ఒంటరి చెట్టు క్రింద నిలువరాదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చు ‘దామిని’ యాప్ తెలుగులో కూడ ఉన్నది. పిల్లల చేతిలోని ఫోను దీనికైనను ఉపయోగపడనివ్వండి.

నీటిని గూర్చి ఇంకను గట్టిగా చెప్పవలెను. ప్రతి వేసవిలోను చెరువులలో, గెడ్డలలో, సముద్రములో మునిగి చనిపోయిన పిల్లల వార్తలు పత్రికలలో చదువుచునే ఉన్నాము. అటువంటి ఇంటికి ఆదరణ చెప్పుటకు వెళ్ళిన సేవకునికి మాటలు దొరకవు. ఈత వచ్చిన పెద్దవారు తోడు లేకుండ పిల్లలను నీటి దగ్గరకు పంపవద్దు. మట్టి తీసిన గోతులలో లోతు తెలియదు. కంపెనీల ప్రక్కగా పారు గెడ్డల నీటిలో కాలు పెట్టనీయవద్దు. జీడితోటలో ఎండుటాకుల మీద నడుచునప్పుడు కఱ్ఱతో చప్పుడు చేయుచు నడువవలెను, పాము తప్పుకొనును. మంచినీళ్ళ సీసా, తలకు తువ్వాలు, చద్దన్నమో గంజియో కడుపులో ఉండవలెను.

ఒక నోటుబుక్కు

2022 ఏప్రిల్ నుండి మన పరవాడ అనకాపల్లి జిల్లాలో ఉన్నది. జిల్లా పేరు మారకముందే ఈ నేల చాలా మారినది. ఒక వైపు ఉక్కు కర్మాగారము, 2002 నుండి సింహాద్రి విద్యుత్ కేంద్రము, తరువాత ఫార్మాసిటీ. వీటి వలన మన బిడ్డలకు ఉద్యోగములు వచ్చినవి, కాదనము. భూములు ఇచ్చినవారికి జీడితోటలు, తాటి వరుసలు పోయినవి, అదియు నిజమే. గట్టు మీద టెంక పాతిన తాతలు ఒక్కొక్కరుగా ప్రభువు సన్నిధికి వెళ్ళుచున్నారు. సంవత్సరములో మేము జరిపించు భూస్థాపనలలో ఎన్నో చెట్ల పేర్లు, ఎన్నో చేపల పేర్లు వారితో కూడ మట్టిలోనికి పోవుచున్నవని మాకు తోచును. అడిగి వ్రాసికొను పిల్లలు లేక కాదు. అడుగుటకు వేళ కుదరక.

అందుచేత రేకు పెట్టెతో పాటు ప్రతి పేటలోను ఒక నోటుబుక్కు పెట్టితిమి. చదివిన పుస్తకములో ఏ చెట్టో పిట్టో పురుగో కనబడితే, దానిని ఊరిలో వెదకి, ఇంటి పెద్దలు దానిని ఏమందురో అడిగి వ్రాయవలెను. పేరు, ఎక్కడ చూచినది, చెప్పినవారు తాతయో మామ్మయో మేనమామయో, తేదీ. అంతే. మొదటి వారము వేప, మామిడి, కాకి, పిచ్చుక వచ్చినవి. రెండవ వారమునకు ఈత, మొగలి, తంగేడు, ఇసుక మీద పాకు బాలబంద తీగ వచ్చినవి. నెల తిరుగునప్పటికి ఒక పేటలో 41 పేర్లు చేరినవి. అక్షర దోషములు చాలా ఉన్నవి. మేము దిద్దలేదు, బడి తెరచిన తరువాత వారే దిద్దుకొనిరి.

ఆ 41లో ఒక చిన్న చేప పేరు ఉన్నది. ఒడ్డున కూర్చున్న ఎనభై ఏండ్ల ముసలాయన ఒక్కడే చెప్పినాడట. మిగిలిన పడవలవారు విని, అవును, మా అయ్య అట్లే అనేవాడు అని గుర్తు చేసికొనిరి. మాకున్న పుస్తకములలో ఎక్కడను ఆ పేరు లేదు. దానిని వ్రాసిన పిల్ల ఆరవ తరగతికి వెళ్ళుచున్నది. పేరు ప్రక్కన పెన్సిలుతో ఒక చేప బొమ్మ కూడ వేసి, తోక మీద చుక్క ఉండునని వ్రాసినది.

మీ ఊరి పిల్లలు ఈ సెలవులలో ఇటువంటి పేర్లు వ్రాసినచో, పెద్దవారి సహాయముతో ఒక కాగితము మీద శుభ్రముగా వ్రాయించి, ఊరి పేరు చేర్చి, మన పత్రిక చిరునామాకు జూన్ నెలాఖరులోగా పంపండి. తప్పులున్నను ఫరవాలేదు. చెప్పినవారు మామ్మయో తాతయో తప్పక వ్రాయమనండి.